రాయిని ఎవరు పంపారు?

"రిపోర్టు ఉందిగా అమ్మా, ఇంకో రిపోర్టు ఎందుకు?" అని అడిగాడు రాళ్లు అమ్మే ఆయన. గొంతులో కోపం లేదు, కాస్త నొచ్చుకున్నట్టు మాత్రం ఉంది. ఏం చెప్పాలో తోచక చెల్లెలి వైపు చూశాను. అది ట్రేలోని ఎర్రరాయి మీద నుంచి కళ్లు తిప్పడం లేదు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు తర్వాత చాలా రోజులు నా బుర్రలో తిరిగింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

నాయనమ్మ ఉంగరం చెల్లెలికి వచ్చింది. మధ్యలో ఒక పెద్ద ఎర్రరాయి, అటూ ఇటూ రెండు చిన్నవి ఉండేవట. పెద్దది ఎప్పుడు ఎక్కడ రాలిపోయిందో ఎవరికీ తెలియదు. గూడు మాత్రం పన్ను ఊడిన నోరులా మిగిలింది. దాంట్లోకి ఒక కెంపు కొనాలని బయలుదేరాం. చూసినవాటిలో ఒకటి చెల్లెలికి బాగా నచ్చింది. రాయితోపాటు ల్యాబ్ రిపోర్టంటూ అరచేతిలో సగం ఉండే ప్లాస్టిక్ కార్డు ఒకటి ఇచ్చారు. దాని మీద రాయి ఫొటో, హోలోగ్రామ్ స్టిక్కరు, పెద్ద అక్షరాల్లో 'సహజ కెంపు'. ఆ కింద, రంగు: అత్యుత్తమం. స్వచ్ఛత: చాలా మంచిది. సాన: అత్యుత్తమం. మా అక్కచెల్లెళ్లిద్దరికీ కలిపినా బడిలో ఇన్ని మంచి మార్కులు ఎప్పుడూ రాలేదు.

కార్డు ముందువైపు చూసినంతసేపు నాకూ ముచ్చటగానే ఉంది. వెనక్కి తిప్పితే చీమ తలకాయలంత అక్షరాల్లో ఒక వాక్యం కనిపించింది: 'ట్రీట్‌మెంట్లను పరిశీలించలేదు.' ట్రీట్‌మెంట్లంటే రాయి అందం పెంచడానికి వేడి పెట్టడం, పగుళ్లు నింపడం లాంటి పనులని తర్వాత తెలిసింది. అప్పటికి నాకు రత్నాల గురించి పెద్దగా ఏమీ తెలియదు. కానీ చూడలేదని వాళ్లే చెప్పుకుంటున్నది ఏమిటో తెలుసుకోవాలనిపించింది. రాయిని మేమే వేరే ల్యాబ్‌కు పంపుతామని, తేడా వస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలని అడిగాం. పైన రాసిన ప్రశ్న అప్పుడు వచ్చింది. ఆయన ఒప్పుకున్నాడు, బిల్లు మీద రాసి కూడా ఇచ్చాడు. అది ఆయన మంచితనమే.

కార్డు అబద్ధం చెప్పలేదు

రెండో రిపోర్టులో మార్కులు లేవు. సహజ కొరండం (కెంపుకూ నీలానికీ మూలమైన ఖనిజం), రకం: కెంపు, రంగు: ఎరుపు. బరువు, మిల్లీమీటరులో నూరో వంతు దాకా కొలతలు. ఆ తర్వాత వ్యాఖ్యల గడిలో, పగుళ్లలో సీసపు గాజు పెద్ద మోతాదులో నింపి ఉందని, వాడకంలో ప్రత్యేక జాగ్రత్తలు కావాలని ఉంది.

రాయిని తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు అక్కడి పరీక్షకురాలు మైక్రోస్కోప్ కింద చూపించింది. ముందు కనిపించింది ఎరుపు, అంతే. కళ్లు కుదురుకున్నాక ఆ ఎరుపు లోపల సాలెగూడులా అల్లుకున్న సన్నటి గీతలు తేలాయి. ఆవిడ పట్టకారుతో రాయిని వెంట్రుకవాసి వంచింది. గీతల వెంట నీలిమెరుపు ఒకటి సర్రున పాకి ఆరిపోయింది. మళ్లీ వంచితే మళ్లీ పాకింది. పక్కనే నొక్కుకుపోయిన చిన్న చిన్న బుడగలు. "ఈ మెరుపు, ఈ బుడగలు రెండూ గాజువే. కెంపులో ఉండవు," అంది.

గాజులో సీసం ఎక్కువగా కలిపితే దాని వక్రీభవన గుణకం, అంటే వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె, కెంపు గుణకానికి దగ్గరవుతుంది. కెంపుది 1.76, 1.77 మధ్య ఉంటుంది. రెండూ దగ్గరైనప్పుడు వెలుగు పగులు దగ్గర చెదరకుండా సాఫీగా దాటిపోతుంది, పగులు కంటికి ఆనదు. ఈ పద్ధతి 2004 ప్రాంతంలో బయటపడింది. అంతకుముందు ఎందుకూ పనికిరావని పక్కన పడేసిన మసక కొరండం రాళ్లు దీనితో నిగనిగలాడే 'కెంపులు'గా మారాయి. ఇబ్బందల్లా గాజు గాజే కావడం. కంసాలి దీపపు సెగ తగిలితే చెడుతుంది, నగ శుభ్రం చేసే ఆమ్లం తగిలితే చెడుతుంది, నిమ్మరసం కూడా పై పొరను తినేస్తుంది. ఉంగరంలో పొదిగేటప్పుడే మా రాయి పని అయిపోయి ఉండేది. కొన్ని ల్యాబ్‌లు ఇలాంటివాటిని కెంపు అని ఊరుకోకుండా కెంపు, గాజుల మిశ్రమమని విడిగా పిలుస్తాయి.

నన్ను ఇప్పటికీ తొలిచేది ఆ గాజు కాదు, మొదటి కార్డు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. రాయి సహజమే, కెంపే. రంగు నిజంగా బాగుంది. ట్రీట్‌మెంట్లు చూడలేదని ఒప్పుకున్నారు కూడా. అయినా ఆ కార్డును నమ్మి కొంటే మోసపోయేవాళ్లం. ఎంత అందంగా ఉందో మా కళ్లకే కనిపిస్తోంది, దానికి కార్డు అక్కర్లేదు. కంటికి కనిపించనిదేమిటో చెప్పమంటే, ఆ ఒక్కటీ చూడలేదన్నారు.

నమ్మకం సంగతి

ఇక ఆయన నొచ్చుకోవడం గురించి. రెండో రిపోర్టు అడగడమంటే 'నువ్వు దొంగవి' అని మొహం మీద చెప్పడమేనని చాలామంది అమ్మేవాళ్లు అనుకుంటారు. కొనేవాళ్లూ అలాగే అనుకుని మొహమాటపడతారు. నేనూ పడ్డాను. ఆ మొహమాటాన్ని వదిలించింది నాయనమ్మ ఉంగరమే.

ఆ పరీక్షకురాలు గూడు కొలత చూద్దామని ఉంగరం అడిగింది. చూస్తూ చూస్తూ పక్కనున్న చిన్న రాళ్ల మీద ఆగింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మైక్రోస్కోప్ నా వైపు తిప్పింది. రాయి లోపల ఒకదాని పక్కన ఒకటి సన్నటి గీతలు, అన్నీ ఒకే వంపులో, గ్రామఫోను రికార్డు మీది గాడుల లాగా. నేలలో పెరిగిన స్ఫటికంలో గీతలు నిటారుగా సాగి కోణాల్లో మలుపు తిరుగుతాయి. వంపు తిరిగిన గీతలంటే కొలిమిలో పుట్టిన రాయి.

ఆగస్ట్ వెర్నూయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త అలా కెంపును తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు. అల్యూమినియం ఆక్సైడ్ పొడిలో చిటికెడు క్రోమియం కలిపి, హైడ్రోజన్, ఆక్సిజన్ మంటలోంచి జల్లుతారు. కరిగిన బొట్లు కింద ఒక కడ్డీ మీద పేరుకుంటూ గడ్డకడతాయి. పేరుకున్న పొరలే ఆ వంపు గీతలు. రసాయనంగా అది అచ్చంగా కెంపే. గట్టిదనం పదింటికి అదే 9, వక్రీభవన గుణకం అదే. గీసి చూసినా, తూచి చూసినా, చవక పరికరాలతో కొలిచి చూసినా తేడా దొరకదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల నగల్లో ఇవి కోకొల్లలు.

నాయనమ్మ వాటిని జీవితాంతం 'జాతి కెంపులు' అనే చెప్పింది. ఎవరు అబద్ధమాడినట్టు? ఆమె కాదు. ఆమెకు ఇచ్చినవారు ఆడి ఉంటారనీ నాకు అనిపించదు. వాళ్లకు అమ్మినవాడికీ బహుశా తెలిసి ఉండదు. రాయి గని నుంచి దళారికి, అక్కడి నుంచి సాన పట్టేవాడికి, ఆ పైన ఇంకో ఇద్దరు ముగ్గురికి చేతులు మారి మన దాకా వస్తుంది. దారిలో ఒక్కడికి తెలియకపోయినా, ఒక్కడు నోరు మెదపకపోయినా, ఆ తర్వాతి వాళ్లందరూ సత్యహరిశ్చంద్రులే అయినా తప్పుడు మాటే చెబుతారు, అదీ నిజాయతీగా.

అందుకే 'నమ్మకం లేదా' అన్న ప్రశ్నకు ఇప్పుడైతే జవాబు చెప్పగలను. మీ మనసు మీద నమ్మకం ఉంది. మీ కంటి మీద లేదు, నా కంటి మీద అసలే లేదు.

పేర్లతో తిరకాసు

మన భాషలో రాళ్ల పేర్లను ఒకసారి చూడండి. కెంపు అంటే ఎరుపే. కెందామర, కెంజాయ అనే మాటల్లో ఉన్న 'కెం' అదే. నీలం అంటే నీలం. పచ్చ అంటే పచ్చ. పూర్వం రాయికి పేరు పెట్టినవారు రంగు చూసి పెట్టారు, వాళ్లకు అంతకన్నా దారి లేదు. ఎర్రగా మెరిస్తే కెంపు. బ్రిటిష్ రాజకిరీటం ముందుభాగంలో ఉన్న 'బ్లాక్ ప్రిన్స్ కెంపు' కెంపు కాదు, స్పినెల్ అనే వేరే ఖనిజం. రాజుల ఖజానాల్లో శతాబ్దాల పాటు రెండూ ఒకే పేరుతో తిరిగాయి. రోమే ద లిల్ అనే ఫ్రెంచి ఖనిజ శాస్త్రవేత్త 1783లో రెంటినీ విడదీసి చెప్పాకే పేర్లు వేరయ్యాయి. రాజులకే తెలియనిది మనకు తెలియకపోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పేరు ఖనిజానిది అయ్యాక ఇంకో గమ్మత్తు మొదలైంది. కొరండంలో ఎర్రటిది కెంపు, మిగతా అన్ని రంగులదీ 'సఫైర్'. దాన్ని తెలుగులోకి తెస్తే గులాబీ నీలం, పసుపు నీలం అనాలి. గులాబీ రంగు ఎక్కడ ముగుస్తుంది, ఎరుపు ఎక్కడ మొదలవుతుంది? ఒకే రాయిని ఒక ల్యాబ్ కెంపు అంటే ఇంకొకటి గులాబీ సఫైర్ అనే సందర్భాలు ఉన్నాయి. ఆ ఒక్క మాటతో ధర తలకిందులవుతుంది. పద్మరాగం మరీ విచిత్రం. మనకు పద్మరాగమంటే కెంపే. ఆ మాటే సింహళం మీదుగా ప్రపంచ బజారుకు చేరేసరికి 'పద్పరాద్జా' అయి, గులాబీ, నారింజ కలిసిన అరుదైన సఫైర్‌కు పేరైంది. కాబట్టి పేరు వినగానే తల ఊపకుండా, ఖనిజమేమిటో కాగితం మీద చూసుకోవడం మేలు.

మార్కులు ఎవరు వేస్తారు?

రంగురాళ్ల రిపోర్టును చాలామంది వజ్రం రిపోర్టు చదివినట్టే చదువుతారు. నేనూ అలాగే చదివాను. తప్పంతా అక్కడే మొదలవుతుంది. వజ్రాలకు డి నుంచి జడ్ దాకా రంగు మెట్లు ఉన్నాయి. 1931లో మొదలైన అమెరికా రత్నాల సంస్థ జీఐఏ 1950లలో తెచ్చిన ఆ పద్ధతిని ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. రంగురాళ్లకు అలాంటి ఒప్పందం లేదు. అదే జీఐఏ కెంపుకు ఇచ్చే రిపోర్టులో రంగు గడి దగ్గర మామూలుగా 'ఎరుపు' అని రాసి ఊరుకుంటుంది, స్వచ్ఛతకు మార్కులు వేయదు. న్యూయార్కులోని ఏజీఎల్ అనే ల్యాబ్ రంగుకు గ్రేడు ఇస్తుంది, కానీ ఆ కొలబద్ద దానిది. పక్క ల్యాబ్‌కు దానితో పని లేదు.

ఎందుకు కుదరలేదంటే, రంగురాయి రంగు ఒకటి కాదు. ఛాయ ఉంటుంది, గాఢత ఉంటుంది, ముదురు లేతలు ఉంటాయి, ఏ పలక వైపు నుంచి చూస్తున్నామన్నది ఉంటుంది. ఇవి కాక వెలుగు ఒకటి. పసుపు పచ్చని బల్బు కింద కెంపు నిప్పుకణికలా ఉంటుంది. అదే బల్బు కింద నీలం నల్లబడుతుంది, పగటి వెలుగులో మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. మేము చూసిన ట్రే పైన ఏ దీపం ఉందో మీకు చెప్పక్కర్లేదు.

'పావురపు నెత్తురు' అనే మాట సంగతి కూడా ఇంతే. అత్యుత్తమ కెంపు రంగుకు బర్మా వైపు నుంచి వచ్చిన పాత వర్ణన అది. కొన్ని ల్యాబ్‌లు దాన్ని రిపోర్టు మీద అచ్చు వేయడం మొదలుపెట్టాక వర్ణన కాస్తా హోదా అయిపోయింది. ఎవరి పావురం వారిది. చివరికి స్విట్జర్లాండ్‌లోని గ్యూబెలిన్, ఎస్ఎస్ఈఎఫ్ ల్యాబ్‌లు 2015లో ఈ మాటకూ, నీలాలకు వాడే 'రాయల్ బ్లూ'కూ కలిసి ప్రమాణాలు పెట్టుకున్నాయి. అది మంచిదే. కానీ ఇద్దరు ఒప్పుకుంటే ప్రపంచం ఒప్పుకున్నట్టు కాదు. ఆ మాట చూడగానే ఏ ల్యాబ్ రాసిందని అడగకుండానే గుండె వేగం పెరగడం మన బలహీనత. నాకూ ఉంది. ఓ రాయి పక్కన ఆ మాట చదివాక దాని ఎరుపు నిజంగానే కాస్త ఎక్కువగా కనిపించిందంటే నమ్మండి.

కాబట్టి నా పద్ధతి ఇప్పుడు ఇది. రిపోర్టులో అందం గురించిన గడులన్నీ చేత్తో మూసేస్తాను. మిగిలిందాంట్లో మూడు చూస్తాను: ఇది ఏ ఖనిజం, సహజమా కొలిమిదా, దానికి ఏం చేశారు. ఈ మూడూ పరికరాలతో తేలే ప్రశ్నలు. అందం నా కన్ను, నా సంచి తేల్చుకుంటాయి.

పుట్టిన ఊరు

నాలుగో ప్రశ్న ఒకటుంది, ఎక్కడ పుట్టిందని. దీని మీద నాకు సగం నమ్మకం, సగం చిరాకు.

కశ్మీర్ నీలాలు 1880ల మొదట్లో ఎత్తయిన కొండల్లో బయటపడ్డాయి, ఆ దశాబ్దం ముగిసేలోగానే మంచి నిల్వ దాదాపు ఖాళీ అయింది. ఆ మసక మెత్తదనం ఇంకో చోట అంత తేలికగా దొరకదు. కాబట్టి కశ్మీర్ అనే మాటకు విలువ ఉంది, కాదనను. కానీ ల్యాబ్ ఎలా చెబుతుంది? లోపలి పొరలు, సూదులు, స్ఫటికాలు చూస్తుంది. లేశమాత్రంగా ఉన్న మూలకాలను కొలుస్తుంది. తన దగ్గరున్న నమూనాలతో పోల్చి, ఫలానా చోటిది కావచ్చునంటుంది. అది అభిప్రాయం. మంచి ల్యాబ్‌లు ఆ మాటే రాస్తాయి కూడా.

పచ్చల్లో ఒక పాత గుర్తు ఉండేది. చిన్న గుంటలో ద్రవం, అందులో గాలిబుడగ, దాని పక్కన ఉప్పు స్ఫటికం, మూడూ కలిసి కనిపిస్తే కొలంబియాదని కళ్లు మూసుకుని చెప్పేవారట. తర్వాత అఫ్ఘానిస్థాన్ పంజ్‌షీర్ లోయ పచ్చల్లోనూ అలాంటివే కనిపించాయి. కొత్త గని తెరుచుకున్నప్పుడల్లా పాత గుర్తుల్లో ఒకటి ఇలా చెల్లకుండా పోతుంది. మొజాంబిక్‌లోని మాంటెప్యూజ్‌లో 2009లో కెంపులు బయటపడి కెంపుల బజారునే తిరగరాశాయి. పరైబా టూర్మలిన్ కథ ఇంకా సరదా. 1980ల చివర్లో బ్రెజిల్‌లోని పరైబా రాష్ట్రంలో రాగి కలిసిన ఆ నీలాకుపచ్చ రాయి దొరికింది, ఊరి పేరే రాయి పేరైంది. తర్వాత అలాంటివే నైజీరియాలో, మొజాంబిక్‌లో దొరికాయి. ఇప్పుడు చాలా ల్యాబ్‌లు రాగి, మాంగనీసు ఉంటే ఎక్కడ పుట్టినా పరైబా అనే రాస్తాయి. ఊరి పేరు పెట్టుకుని ఆ ఊరు కానివాళ్లన్నమాట.

నా స్నేహితుడి నీలానికి ఒక ల్యాబ్ శ్రీలంక అని రాసింది. రెండేళ్ల తర్వాత మరో ల్యాబ్ మడగాస్కర్ అంది. అతను రాయిని నా చేతిలో పెట్టి, "ఇప్పుడు దీన్ని ఎలా చూడాలి?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గానీ కొన్న ధర శ్రీలంకది. గోండ్వానా ఖండం విడిపోకముందు ఆ రెండు నేలలూ పక్కపక్కనే ఉండేవి, రాళ్లు పోలి ఉండటంలో ఆశ్చర్యం లేదని చెప్పాను. అతనికి అది పెద్ద ఓదార్పు కాలేదు.

ల్యాబ్‌లూ మనుషులవే

ఇంతసేపు చదివినవారికి ఒక అనుమానం వచ్చే ఉంటుంది. ల్యాబ్‌లే తప్పుతాయంటున్నావు, మళ్లీ ల్యాబ్‌కే పంపమంటున్నావు, ఇదేం తర్కమని. న్యాయమైన అనుమానమే.

2001, 2002ల్లో నారింజ, గులాబీ కలిసిన సఫైర్లు బజారులోకి కుప్పలు తెప్పలుగా వచ్చాయి. అంత అరుదైన రంగు ఉన్నట్టుండి అంతగా ఎలా దొరుకుతోందని ఎవరికో తట్టేసరికి కొంతకాలం గడిచింది. ఆలోగా మామూలు వేడి పెట్టినవేనన్న నమ్మకంతో అవి చేతులు మారాయి. ఆరా తీస్తే బెరీలియం. రాయిని విపరీతమైన వేడిలో ఉంచి ఆ చిన్న మూలకాన్ని లోపలికి ఇంకించారు. అంతకుముందు టైటానియంతో ఇలాంటి పనే చేసేవారు, కానీ అది పై పొరలోనే ఆగేది. ద్రవంలో ముంచి చూస్తే పలకల అంచుల వెంట రంగు చిక్కగా కనిపించి దొరికిపోయేది. బెరీలియం నట్టనడుమ దాకా వెళుతుంది. అప్పటి మామూలు పరికరాలకు అంత తేలిక మూలకం చిక్కదు. లేజరుతో కంటికి ఆనని గుంట తవ్వి ఆవిరిని విశ్లేషించే యంత్రాలు ల్యాబ్‌లలోకి వచ్చాకే లెక్క తేలింది.

ఇప్పటికీ తేలనివి ఉన్నాయి. వెయ్యి డిగ్రీల లోపు మెల్లగా వేడి చేస్తే రాయి లోపలి ఆనవాళ్లు అంతగా మారవు. అలాంటి కెంపుల్లో, గులాబీ సఫైర్లలో వేడి పెట్టారో లేదో చెప్పడం పెద్ద ల్యాబ్‌లకూ కష్టమే. అందుకే మంచి రిపోర్టు 'వేడి చేయలేదు' అనదు, 'వేడి చేసిన ఆనవాళ్లు కనిపించలేదు' అంటుంది. ఈ రెండు వాక్యాల మధ్య తేడా చూడనివాళ్లకు ఎంత ఖరీదైన రిపోర్టయినా చిత్తుకాగితమే.

రిపోర్టు పాతబడుతుంది కూడా. పచ్చల్లో పగుళ్లు దాదాపు తప్పవు, వాటిలోకి దేవదారు నూనో, రెజిన్ అనే జిగురో ఎక్కించడం మామూలు. ల్యాబ్‌లు దాని మోతాదును స్వల్పం, మధ్యస్థం, అధికం అని రాస్తాయి. నూనె ఎండిపోవచ్చు, తీసేయవచ్చు, మళ్లీ ఎక్కించవచ్చు. రాయి శుభ్రంగా కడిగిన రోజున 'స్వల్పం' అని రాయించుకుని తర్వాత నిండా నింపితే, కాగితం మీద తేదీ తప్ప మిగతాదేదీ పనికిరాదు. పచ్చకు పదేళ్ల నాటి రిపోర్టు చూపిస్తే నేను దాన్ని పాత పెళ్లి ఫొటోలా చూస్తాను.

అయినా గుడ్డికన్నా మెల్ల మేలు. గాజు, సింథటిక్, స్పినెల్, బెరీలియం, ఇవన్నీ ఇవాళ ఒక మోస్తరు మంచి ల్యాబ్ పట్టేస్తుంది. అది తడబడే చోట్లు కొన్నే. నేను తడబడని చోటు ఒక్కటీ లేదు.

అన్నిటికీ పంపించమనీ అనను. రిపోర్టు ఖర్చే రాయి ఖరీదులో సగమయ్యే చిన్న గార్నెట్లకూ, సరదాగా కొనుక్కునే అమెథిస్టులకూ ఎందుకు? టాంజనైట్‌కు వేడి పెట్టారా అని అడగడం వల్ల కూడా పెద్దగా ఒరిగేది లేదు, దాదాపు అన్నిటికీ పెడతారు. పోయినా ఫరవాలేదనుకునే డబ్బు అయితే ఆ డబ్బుతో జూదమాడినా తప్పు లేదు. పోతే నిద్ర పట్టనంత డబ్బు అయితే మాత్రం ఆగాలి.

రాయిని ఎవరు పంపారు

ఇన్ని మాటల తర్వాత నేను గట్టిగా పట్టుకున్నది ఒక్కటే. ల్యాబ్ పేరెంత గొప్పదన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, రాయిని ల్యాబ్‌కు పంపిందెవరు, జవాబు మొదట ఎవరి చేతికి వచ్చిందన్నది.

అమ్మేవాడు ఒక రాయిని మూడు ల్యాబ్‌లకు పంపగలడు. ఒకటి వేడి పెట్టారంటుంది, ఒకటి తేల్చలేమంటుంది, మూడోది ఆనవాళ్లు లేవంటుంది. మన ముందుకు వచ్చేది మూడోది మాత్రమే. మూడు ల్యాబ్‌లూ నిజాయతీగా పనిచేశాయి, అమ్మేవాడు కాగితాన్ని దిద్దలేదు. అయినా మనకు అందింది ఏరి పెట్టిన నిజం. చింపేసిన రెండింటి సంగతి మనకు ఎన్నటికీ తెలియదు. మెత్తగా మాట్లాడే ల్యాబ్‌కే రాళ్లు ఎక్కువగా వెళతాయి, రాళ్లు ఎక్కువగా వస్తున్న ల్యాబ్‌కు గొంతు పెంచడానికి మనసొప్పదు. ఇందులో కుట్ర వెతకనక్కర్లేదు, ఫీజు ఎవరు కడుతున్నారో చూస్తే చాలు.

అదే రాయిని నేను పంపితే ఏ జవాబు వచ్చినా నాకే వస్తుంది. నచ్చని జవాబును కూడా దాచలేను. ఏం పరీక్షించాలో నేనే అడుగుతాను, ట్రీట్‌మెంట్లు తప్పకుండా చూడమంటాను. అదివరకే ఉన్న రిపోర్టు ఈ రాయిదేనా అన్నదీ తేలిపోతుంది. నంబరును ల్యాబ్ వెబ్‌సైటులో చూసుకోవడం మంచిదే, కానీ దానితో రుజువయ్యేది కాగితం అసలుదని మాత్రమే. ఆ కాగితం ఈ రాయిదని చెప్పాలంటే బరువు, కొలతలు, లోపలి మచ్చలు సరిపోవాలి. నగలో పొదిగేశాక బరువు తూచడం కుదరదు, కాబట్టి పొదగకముందే పంపాలి.

దీనికి అమ్మేవాళ్లు చెప్పే అభ్యంతరంలో పస ఉంది. రాయి వారాల తరబడి బయట తిరిగితే ఎవరైనా మార్చేస్తే? తిరిగివచ్చింది తమ రాయేనని ఎలా తెలుస్తుంది? నిజమే, నాకూ అదే భయం ఉండేది. మేము పంపేముందు అందరి ఎదుటా తూచి, కొలిచి, సీలు వేసి, ముగ్గురం సంతకాలు పెట్టాం. కాస్త నాటకంలా అనిపించింది. కానీ అలా చేశాక ఆయనా తేలికపడ్డాడు, నేనూ తేలికపడ్డాను. నొచ్చుకున్న గొంతు మళ్లీ వినిపించలేదు.

గాజు సంగతి తేలాక ఆయన ఒక్క మాట అనకుండా డబ్బు తిరిగి ఇచ్చాడు. రిపోర్టును రెండుసార్లు చదివాడు. "మాకు ఇచ్చినవాళ్లు చెప్పలేదమ్మా," అన్నాడు. నమ్మాను. రాయిని పొట్లంలో పెట్టి, పొట్లాన్ని డబ్బాలో పెట్టి, పక్కన పాత కార్డు పెట్టి మూత వేశాడు. మా రిపోర్టును మాత్రం నా చేతికి తిరిగి ఇచ్చేశాడు. అది మీరు చేయించుకున్నది, మీ దగ్గరే ఉండనివ్వండి అన్నాడు.

కొన్ని నెలలకు వేరేచోట ఇంకో రాయి దొరికింది. మొదటిదానికన్నా చిన్నది, ఒక మూల కొంచెం మసక. ఈసారి అడగకముందే పంపుకోండి అన్నారు. రిపోర్టు వచ్చింది: సహజ కెంపు, వేడి చేసిన ఆనవాళ్లు ఉన్నాయి, పగుళ్లలో గాజు లేదు. చెల్లెలు రంగు గడి దగ్గర వేలు పెట్టి, "ఇంత ఫీజు తీసుకుని 'ఎరుపు' అని ఒక్క మాట రాశారా!" అని నవ్వింది.

పొదగడానికి ఇచ్చినప్పుడు, పక్కన ఉన్న చిన్న రాళ్లు కూడా తీసి అసలువి పెట్టమంటారా అని అడిగారు. చెల్లెలు నా వైపు చూసింది. వాటిని కదిలించవద్దని ఇద్దరం ఒకేసారి అన్నాం.